నాలుగు బైట్లు, రెండు తేదీలు

41, 171, 95, 73. ఈ నాలుగు సంఖ్యలనూ ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టుకోండి. బిట్‌కాయిన్ మొట్టమొదటి బ్లాకుకు 80 బైట్ల హెడర్ ఉంది. అందులో 69వ బైటు నుంచి 72వ బైటు దాకా ఉన్నవి ఇవే. బ్లాకు ఎప్పుడు తయారైందో చెప్పే లెక్క ఇది; 1970 జనవరి 1 నుంచి అప్పటికి ఎన్ని సెకన్లు గడిచాయో అన్నమాట. కుడి నుంచి ఎడమకు, అంటే 73ను అన్నిటికన్నా పెద్ద స్థానంలో పెట్టి చదివితే 1231006505 వస్తుంది. అది 2009 జనవరి 3, మన గడియారంలో రాత్రి 11 గంటల 45 నిమిషాల 5 సెకన్లు. అవే బైట్లను ఎడమ నుంచి కుడికి చదివితే 699096905. అది 1992 ఫిబ్రవరి 26, మధ్యాహ్నం 3 గంటల 5 నిమిషాల 5 సెకన్లు. రెండోది శుద్ధ తప్పు. బిట్‌కాయిన్ పుట్టడానికి దాదాపు పదిహేడేళ్ల ముందు బిట్‌కాయిన్ బ్లాకు ఎక్కణ్ణుంచి వస్తుంది? కానీ కంప్యూటర్ కిక్కురుమనదు. ఎర్రక్షరాలు రావు, ప్రోగ్రాం ఆగిపోదు. చూడ్డానికి బుద్ధిగా ఉన్న తేదీ ఒకటి రిపోర్టులోకి వెళ్లి కూర్చుంటుంది.

మనం భయపడేది తెర నిండా అరిచే ఎర్రర్లకు. నిజానికి అవి మన మేలు కోరేవి. తప్పు జరిగిన చోటే చెయ్యి పట్టుకుని ఆపుతాయి. ఉద్యోగంలో మాట పోగొట్టేవి నోరులేని తప్పులు. అవి పుట్టే చోటు కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే: డేటా ఒక రూపం వదిలి ఇంకో రూపంలోకి మారే చోటు. బ్లాక్‌చెయిన్ డేటా పుట్టడం బైట్లుగా పుడుతుంది. నోడ్ దాన్ని హెక్స్ అక్షరాలుగా మార్చి జేసన్‌లో పెట్టి ఇస్తుంది. ఒక స్క్రిప్ట్ దాన్ని స్ట్రింగ్‌గా చదివి, కొంత భాగాన్ని సంఖ్యగా మార్చి, సీఎస్‌వీ ఫైలు రాస్తుంది. ఇంకో స్క్రిప్ట్ ఆ ఫైలును డేటాబేస్‌లోకి ఎక్కిస్తుంది. చివరికి ఎవరో ఎక్సెల్‌లో తెరుస్తారు. ఇన్ని చేతులు మారాక సరుకు నిఖార్సుగా మిగిలితే అది అదృష్టమే. ఈ అధ్యాయంలో నేను వాదించేది ఇదీ: డేటాను పుట్టిన రూపంలోనే ఒకచోట ఉంచి, దాన్ని చదవడానికి, సరిచూడడానికి కావలసిన నాలుగైదు ఫంక్షన్లను అక్కడికే తీసుకెళ్లాలి. డేటాబేస్ విషయంలో ఆ పనికి ఉన్న పేరు ఎక్స్‌టెన్షన్. దీన్ని ఓ టెక్నాలజీగా కన్నా పని అలవాటుగా చూడమంటాను.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను తీసుకుందాం. 2011లో వచ్చిన 9.1 వెర్షన్ నుంచి అందులో ఎక్స్‌టెన్షన్‌ను ఒకే ఒక్క ఆదేశంతో చేర్చుకోవచ్చు, అలాగే తీసేయవచ్చు. లోపల ఉండేది పెద్ద బ్రహ్మాండం ఏమీ కాదు. పేరూ వెర్షనూ చెప్పే చిన్న కంట్రోల్ ఫైలు, ఏ ఫంక్షన్‌కు ఏ పేరో చెప్పే ఎస్‌క్యూఎల్ ఫైలు, అసలు పని చేసే కంపైల్డ్ కోడ్. సాధారణంగా సీ భాషలో రాసింది. డేటాబేస్‌తో పాటే వచ్చే పీజీక్రిప్టో ఇలాంటిదే. హ్యాష్‌లు, ఎన్‌క్రిప్షన్ దాని పని. 2018 నాటి 11వ వెర్షన్ నుంచి ఎస్‌హెచ్‌ఏ-256 అయితే ఏ ఎక్స్‌టెన్షనూ లేకుండానే దొరుకుతోంది. మరి బ్లాక్‌చెయిన్ కోసం ప్రత్యేకంగా ఏం కావాలి? ట్రాన్సాక్షన్ బైట్లను ఇస్తే దాని ఇన్‌పుట్లనూ అవుట్‌పుట్లనూ వరుసలుగా విడదీసి ఇచ్చే ఫంక్షన్. ఇథీరియం వాడే కెచాక్-256. బిట్‌కాయిన్ అడ్రసుల కోసం రిప్‌ఎండీ-160, బేస్58, బెక్32. సంతకం నిజమా కాదా తేల్చే సెక్‌పీ256కే1 గణితం. మొత్తం కలిపినా వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఫంక్షన్లు.

మొదటి చిక్కు ఆ చీటీ మీది వరుసే. చిన్న స్థానం ముందు, పెద్ద స్థానం చివర వచ్చే ఈ పద్ధతిని లిటిల్ ఎండియన్ అంటారు. 1980లో డానీ కోహెన్ గలివర్ కథలోంచి తెచ్చి ఈ తగాదాకు ఆ పేరు పెట్టాడు. గుడ్డును ఏ వైపు పగలగొట్టాలన్న లిల్లీపుట్ల యుద్ధం పక్కన పెడితే, ఈ పద్ధతి తెలుగు చదువరికి కొత్తదేం కాదు. మన శాసనాల్లో శక సంవత్సరాలను పదాలతో చెప్పినప్పుడు అంకెలు ఎడమవైపుకే నడుస్తాయి. నిధి, గగనం, గగనం, నేత్రం అని రాస్తే 9, 0, 0, 2 అని కాదు, 2009 అని చదవాలి. శాసనం చదివేవాడికి ఆ నియమం తెలుసు; రాయి మాత్రం ఆ నియమాన్ని చెప్పదు. బైట్లూ అంతే. బిట్‌కాయిన్‌లో సంఖ్యలు ఇలా వెనక నుంచి నడుస్తాయి. ఇథీరియంలో మామూలుగా ముందు నుంచి. ఇది చాలదన్నట్టు, బిట్‌కాయిన్ హ్యాష్‌లను నిల్వలో ఒక వరుసలో ఉంచి, మనుషులకు చూపించేటప్పుడు తిరగేసి చూపించడం ఆచారంగా వచ్చేసింది. అందుకే బైట్లను తిరగేసే ఫంక్షన్ లేని బ్లాక్‌చెయిన్ ఎక్స్‌టెన్షన్ ఉండదు. పోస్ట్‌గ్రెస్‌లో సొంతంగా ఆ సదుపాయం 2025లో, 18వ వెర్షన్‌తో వచ్చింది. అదే వెర్షన్‌లో బైట్లను నేరుగా పూర్ణసంఖ్యగా మార్చే వీలు కూడా వచ్చింది, కానీ అది ముందు నుంచి చదువుతుంది. చీటీ మీది నాలుగు బైట్లను తిరగేయకుండా దానికిస్తే వచ్చేది 1992వ సంవత్సరమే. ఇంకో మెలిక కూడా ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ముక్క కోసే సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్ 1 నుంచి లెక్కపెడుతుంది, ఒక్క బైటును అడిగే గెట్‌బైట్ 0 నుంచి లెక్కపెడుతుంది. సమయం ఒకదానికి 69వ చోట మొదలైతే రెండోదానికి 68వ చోట. ఒకే ఇంట్లో రెండు పంచాంగాలు.

హెక్స్ అక్షరాలుగా ఉంచితే కళ్లకు కనబడుతుంది కదా, బైట్లుగా ఎందుకు అని చాలామంది అడుగుతారు. లెక్క చూడండి. 32 బైట్ల హ్యాష్‌ను పోస్ట్‌గ్రెస్‌లో బైట్ల రకంగా, అంటే బైటియాగా పెడితే 33 బైట్లు పడుతుంది. పొడవు రాసుకోవడానికి ఒకటి అదనం. అదే హ్యాష్‌ను హెక్స్ టెక్స్ట్‌గా పెడితే 65. బిట్‌కాయిన్‌లో ఇప్పటిదాకా జరిగిన ట్రాన్సాక్షన్లు 100 కోట్లు దాటాయి. అంటే ఒక్క కాలమ్ మీదే 3,200 కోట్ల బైట్లు, 32 గిగాబైట్ల తేడా. దాని మీద ఇండెక్స్ వేస్తే మళ్లీ దాదాపు అంతే. డిస్క్ ఇప్పుడు చవకే, ఒప్పుకుంటాను. మెమరీలో పట్టే ఇండెక్స్‌కూ పట్టని ఇండెక్స్‌కూ మధ్య ఉన్న తేడా మాత్రం చవకది కాదు. అయితే నా అసలు అభ్యంతరం స్థలం గురించి కూడా కాదు. ఇథీరియం అడ్రసుల్లో 2016 నుంచి ఒక పద్ధతి ఉంది: హెక్స్‌లో వచ్చే కొన్ని అక్షరాలను పెద్దబడిలో, కొన్నిటిని చిన్నబడిలో రాసి, ఆ తేడాతోనే టైపింగ్ తప్పులు పట్టుకోవడం. మనిషి కంటికి మంచి ఏర్పాటే. కానీ ఒక టేబుల్‌లో అడ్రసు ఈ మిశ్రమ రూపంలో, ఇంకో టేబుల్‌లో అంతా చిన్నబడిలో ఉంటే, టెక్స్ట్‌గా అవి రెండూ వేర్వేరు. రెండు టేబుళ్లనూ కలిపితే ఒక్క వరుసా రాదు. ఎర్రరూ రాదు. ఈ ఖాతాలో లావాదేవీలే లేవు అని మీరు నమ్మకంగా జవాబిస్తారు. బైట్లుగా పెట్టి ఉంటే అవి రెండూ అవే 20 బైట్లు.

డబ్బు లెక్కల్లో ఇది ఇంకా నిష్ఠూరంగా ఉంటుంది. ఒక ఈథర్ అంటే 10కి 18వ ఘాతం వెయ్. పోస్ట్‌గ్రెస్ బిగ్‌ఇంట్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య 9.22 ఈథర్‌కు సమానం. పది ఈథర్లు పెట్టబోతే పరిధి దాటిందని అరుస్తుంది. మంచిదే. ఆ అరుపు భరించలేక కాలమ్‌ను డబుల్ ప్రెసిషన్‌కు మార్చారనుకోండి, అరుపు ఆగిపోతుంది. లెక్క కూడా ఆగిపోతుంది. ఎందుకంటే ఆ రకంలో ఒక్కటి కూడా తేడా రాకుండా పట్టే సంఖ్యలు 2కు 53వ ఘాతం దాకానే. వెయ్‌లలో అది 0.009 ఈథర్. ఆపైన చివరి అంకెలు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఎర్రర్ మెసేజ్‌ను మాయం చేయడమే పరిష్కారం అనుకునే అలవాటు ఎంత ఖరీదైనదో చూపడానికి ఇంతకన్నా చిన్న ఉదాహరణ దొరకదు. న్యూమెరిక్ రకం నెమ్మదే కానీ ఇథీరియం వాడే 256 బిట్ల సంఖ్యలను, అంటే 78 అంకెల దాకా, చెక్కు చెదరకుండా పట్టుకుంటుంది.

పరిధి దాటినా ఎవరూ అరవకపోతే ఏమవుతుందో బిట్‌కాయిన్ తన చరిత్రలోనే చూసింది. 2010 ఆగస్టు 15న 74638వ బ్లాకులో ఒక ట్రాన్సాక్షన్ వచ్చింది. అందులో రెండు అవుట్‌పుట్లు, ఒక్కొక్కటీ 9,223 కోట్ల బిట్‌కాయిన్ల పైచిలుకు. ఎప్పటికీ పుట్టగల బిట్‌కాయిన్లే మొత్తం 2 కోట్ల 10 లక్షలు. మరి ఎలా దాటిపోయింది? ఒక్కొక్క అవుట్‌పుట్ 64 బిట్ల సంఖ్యలో సరిగ్గా పడుతుంది. రెండూ కూడితే పట్టదు. సంఖ్య చుట్టూ తిరిగి సున్నాకన్నా కాస్త కిందికి వచ్చి తేలింది. ఖర్చు ఆదాయాన్ని మించలేదు కదా అని తనిఖీ ఒప్పేసుకుంది. కొన్ని గంటల్లోనే సరిచేసిన సాఫ్ట్‌వేర్ విడుదల చేసి, ఆ బ్లాకును పక్కకు నెట్టిన కొత్త గొలుసును ముందుకు తెచ్చారు. పోస్ట్‌గ్రెస్‌లో ఈ రెండు సంఖ్యలనూ బిగ్‌ఇంట్‌గా కూడండి, ఎర్రర్ వస్తుంది. సమ్ ఫంక్షన్‌తో కూడండి, అది జవాబును న్యూమెరిక్‌లో ఇస్తుంది కాబట్టి సరైన మొత్తమే వస్తుంది. ఇక్కడ మీరు గమనించాల్సింది వేరే ఉంది. ఎక్స్‌టెన్షన్ కోసం సీ భాషలో మీరే కూడిక రాస్తే ఈ కంచె ఉండదు. సీలో కూడిక 2010 నాటి కూడికే. ఓవర్‌ఫ్లోను పట్టి చెప్పే ఫంక్షన్లను పోస్ట్‌గ్రెస్ సోర్సులోనే రాసి పెట్టారు. వాటిని పిలవడం మీ బాధ్యత. డేటాబేస్ లోపలికి వెళ్లినవాడికి అధికారం పెరుగుతుంది, కాపలా తగ్గుతుంది.

పేర్లను నమ్మడం కూడా ఒక రకం రూపం మార్పే. ఇథీరియం ప్రధాన నెట్‌వర్క్ 2015 జూలై 30న మొదలైంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఎస్‌హెచ్‌ఏ-3 ప్రమాణాన్ని ఆ ఆగస్టులో ప్రకటించింది. ఆ ప్రమాణానికి మూలం కెచాక్ అల్గారిదమే, కానీ ప్రమాణంగా స్థిరపరిచేటప్పుడు సందేశం చివర చేర్చే ప్యాడింగ్ బిట్లను మార్చారు. ఇథీరియం పాత కెచాక్‌నే ఉంచుకుంది. మార్పు చిన్నదే కానీ హ్యాష్ స్వభావం తెలుసు కదా, ఒక్క బిట్ మారితే జవాబంతా మారుతుంది. అసలు గందరగోళం ఎక్కడంటే, ఇథీరియం లోకంలో చాలాకాలం దీన్ని ఎస్‌హెచ్‌ఏ-3 అనే పిలిచారు. ఇథీరియం కాంట్రాక్టులు రాసే సాలిడిటీ భాషలోనే ఆ పేరు 0.5.0 వెర్షన్ వచ్చేదాకా ఉంది. మీ ఎక్స్‌టెన్షన్‌లో ఏ లైబ్రరీ కలిపారో, అది ఏది ఇస్తోందో తెలుసుకోవడానికి పేరు పనికిరాదు. ఖాళీ ఇన్‌పుట్ ఇచ్చి చూడండి. జవాబు మొదటి నాలుగు బైట్లు 197, 210, 70, 1 అయితే అది కెచాక్-256. 167, 255, 198, 248 అయితే ఎస్‌హెచ్‌ఏ3-256. అర నిమిషం పని. ఈ అర నిమిషం పెట్టకపోతే ప్రతి అడ్రసూ, ప్రతి ఈవెంట్ పేరూ తప్పుగా లెక్క తేలుతుంది, అది కూడా నిండైన, అందమైన తప్పుగా.

ఇంతదాకా చెప్పినవి మనిషి పొరపాట్లు. డేటాలోనే వింత ఉంటే? ట్రాన్సాక్షన్ ఐడీ అంటే ఆ ట్రాన్సాక్షన్ బైట్ల హ్యాష్. రెండు వేర్వేరు ట్రాన్సాక్షన్లకు ఒకే ఐడీ రావడం అసాధ్యం అనుకుని, పాఠ్యపుస్తకంలో చెప్పినట్టే దాన్ని ప్రైమరీ కీగా పెడతారు. లోడింగ్ మొదలవుతుంది; 91842వ బ్లాకు దగ్గర డూప్లికేట్ అని ఆగిపోతుంది. 91812వ బ్లాకులో కొత్త నాణేల్ని పుట్టించిన ట్రాన్సాక్షనే 91842లో బైటు పొల్లుపోకుండా మళ్లీ ఉంది. అలాగే 91722లోదే 91880లోనూ ఉంది. ఇవి 2010 నవంబరు నాటివి. హ్యాష్ తప్పేం కాదు. మైనింగ్ చేసినవాళ్లు అవే బైట్లు మళ్లీ రాశారు కాబట్టి ఐడీ అదే వచ్చింది. తర్వాత 2012లో బిప్-30 అనే బిట్‌కాయిన్ మార్పు ప్రతిపాదనతో దీన్ని నిషేధించారు, ఆ పైన బ్లాకు సంఖ్యను ఆ ట్రాన్సాక్షన్‌లోనే రాయాలని బిప్-34తో నియమం పెట్టారు. ఇక్కడ లోడింగ్ ఆగినప్పుడు మీరేం చేస్తారన్నది మీ పనితనానికి పరీక్ష. డూప్లికేట్ వస్తే వదిలేసి ముందుకు పొమ్మని ఒక్క మాట చేర్చితే పని నడిచిపోతుంది, ఎవరికీ తెలియదు. బ్లాకు సంఖ్యనూ ట్రాన్సాక్షన్ ఐడీనీ జోడీగా కీ చేసి, ఎందుకు చేశారో పక్కనే రెండు ముక్కలు రాసిపెట్టడం రెండో దారి. మొదటిది చేసినవాడి టేబుల్‌లో రెండు వరుసలు ఎప్పటికీ తక్కువ. అరిచిన తప్పును వాడు తన చేత్తోనే నోరులేని తప్పుగా మార్చుకున్నాడు.

ఫంక్షన్లు డేటా ఉన్న చోటే ఉంటే దక్కే అసలు లాభం వేగం అని అందరూ అంటారు. కాపలా అంటాను నేను. బ్లాకుల టేబుల్‌లో హెడర్ కాలమ్ కచ్చితంగా 80 బైట్లే ఉండాలని ఒక నిబంధన పెట్టండి. హ్యాష్‌ను బయటి నుంచి తెచ్చి పెట్టకుండా, హెడర్ మీద ఎస్‌హెచ్‌ఏ-256ను రెండుసార్లు నడిపి డేటాబేసే లెక్కగట్టి నిలవ చేసుకునేలా జనరేటెడ్ కాలమ్ పెట్టండి. 12వ వెర్షన్ నుంచి ఆ వీలుంది. ఇక చెడిన హెడర్ లోపలికి వచ్చినా దానికి సరైన హ్యాష్ అంటించుకుని రావడం కుదరదు. తర్వాత ప్రతి హెడర్‌లో 5వ బైటు నుంచి 32 బైట్లు కోసి, ముందు వరుస హ్యాష్‌తో పోల్చే చిన్న క్వెరీ ఒకటి రాయండి. తేడా ఉన్న వరుసలు సున్నా రావాలి. ఇప్పటికి బ్లాకులు 9 లక్షలు దాటాయి. 9 లక్షల హెడర్లంటే 72 మెగాబైట్లు; పెళ్లి వీడియోలో కాసేపటి ముక్క. మామూలు ల్యాప్‌టాప్ మీద, ఎవరి మాటా నమ్మాల్సిన అవసరం లేకుండా, 2009 నుంచి ఉన్న గొలుసు ఎక్కడా తెగలేదని మీరే తేల్చుకోవచ్చు. పైగా దీనికి బయటి ఎక్స్‌టెన్షన్ కూడా అక్కర్లేదు. ఎక్స్‌టెన్షన్ అవసరం ట్రాన్సాక్షన్ల లోపలికి దిగినప్పుడు మొదలవుతుంది.

ఇదంతా పైథాన్‌లో పది లైన్లు కదా అనేవారి మాటలో నిజముంది. ఒక్కసారి చూసి వదిలేసే పనికి ఎక్స్‌టెన్షన్ రాయడం దోమను కొట్టడానికి గద ఎత్తడమే. ప్రశ్నలు రోజూ మారుతూ, డేటా కోట్ల వరుసల్లో ఉన్నప్పుడు లెక్క మారుతుంది. ఏ అవుట్‌పుట్ ఈ రకం బిట్‌కాయిన్ స్క్రిప్ట్ వాడింది అని అడగడానికి వందల గిగాబైట్లను నెట్‌వర్క్ మీదుగా పైథాన్ దగ్గరకు మోసి, జవాబును మళ్లీ వెనక్కి మోయాలి. నీళ్ల కోసం చెరువునే ఇంటికి తెచ్చుకున్నట్టు. ఫంక్షన్ డేటాబేస్‌లో ఉంటే దాని జవాబు మీద ఇండెక్స్ కూడా వేసుకోవచ్చు. ఒక షరతు: ఒకే ఇన్‌పుట్‌కు ఎప్పుడూ ఒకే జవాబిస్తానని ఆ ఫంక్షన్ మాట ఇవ్వాలి, ఇమ్యూటబుల్ అని గుర్తు పెట్టాలి. పోస్ట్‌గ్రెస్ ఆ మాటను తనిఖీ చేయదు, నమ్ముతుంది. ఎక్స్‌టెన్షన్ కొత్త వెర్షన్‌లో మీరు ఒక బగ్ సరిచేస్తే, పాత ఇండెక్స్‌లో పాత తప్పు జవాబులే ఉంటాయి. మళ్లీ ఇండెక్స్ కట్టకపోతే క్వెరీ కొన్ని వరుసల్ని చూడకుండా దాటేస్తుంది. చూశారా, మళ్లీ అదే నిశ్శబ్దం. అందుకే నేను చెప్పే పద్ధతి నోరులేని తప్పులను పూర్తిగా మాయం చేస్తుందని అనను. అవి ఉండగల చోట్లను కొన్నిటికి కుదిస్తుంది, ఆ చోట్లు మీకు తెలిసి ఉంటాయి.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. సీలో రాసిన ఎక్స్‌టెన్షన్ ఒక్క తప్పు చోటు చదివి కూలితే, ఆ ఒక్క సెషనే పోదు. పోస్ట్‌గ్రెస్ ముందుజాగ్రత్తగా మిగతా సెషన్లన్నిటినీ తెంచి, రికవరీ చేసుకుని మళ్లీ లేస్తుంది. బ్లాక్‌చెయిన్ డేటా ఎవరో తెలియని మనుషులు రాసింది. అందులో పొడవులు చెప్పే బైట్లు అబద్ధం చెప్పగలవు. బిట్‌కాయిన్ వాడే పొడవు గుర్తులో మొదటి బైటు 253 కన్నా తక్కువైతే అదే సంఖ్య. 253 అయితే తర్వాతి 2 బైట్లు, 254 అయితే 4, 255 అయితే 8 చదవాలి. తొమ్మిది బైట్లతో ఎవరైనా కోటానుకోట్ల అవుట్‌పుట్లు ఉన్నాయని చెప్పుకోవచ్చు. అది నమ్మి మెమరీ అడిగిన కోడ్‌కు గతి ఏమిటో ఊహించండి. ఇంకా ఎన్ని బైట్లు మిగిలాయో ప్రతి అడుగులోనూ చూసుకోకుండా ఒక్క బైటు కూడా చదవకూడదు. రస్ట్ భాషలో, పీజీఆర్‌ఎక్స్ అనే ఫ్రేమ్‌వర్క్‌తో రాస్తే ఈ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. క్లౌడ్ కంపెనీలు నడిపే డేటాబేస్‌లలో చాలావాటిలో మీరు సొంతంగా కంపైల్ చేసినదాన్ని ఎక్కించనివ్వరు, వాళ్ల జాబితాలో ఉన్నవే వాడాలి. ఇది నిజమైన అడ్డంకి. నా సలహా: జీతాలూ ఆర్డర్లూ నడిచే డేటాబేస్‌లో ఈ ప్రయోగాలు వద్దే వద్దు. విశ్లేషణకు వేరే సర్వర్ పెట్టుకోండి, పడినా లేచినా మీ ఒక్కరికే తెలిసేలా. బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టేటప్పుడు ఆ ఎక్స్‌టెన్షన్ ముందే ఎక్కించి ఉండాలన్నది కూడా రాసిపెట్టుకోండి. లేకపోతే అవసరమైన రోజునే రిస్టోర్ మొరాయిస్తుంది.

నాకు బ్లాక్‌చెయిన్‌తో పనే లేదు అనేవారూ ఉంటారు. క్రిప్టో కరెన్సీల మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు, ఈ వాదనకు దానితో పని లేదు. మీ పర్సులోని ఆధార్ కాగితం తీయండి. దాని మీది సెక్యూర్ క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే వచ్చేది వేల అంకెలున్న ఒకే ఒక్క సంఖ్య. దాన్ని బైట్లుగా మార్చి, కుదింపు విప్పితే, 255 అనే బైటును హద్దుగా పెట్టి విడదీసిన పేరూ ఊరూ వగైరా వస్తాయి. చివరి 256 బైట్లు డిజిటల్ సంతకం. ఆ సంతకాన్ని సరిచూడకుండా పేరును మాత్రం చదువుకుని వెరిఫై అయింది అని రాసే కోడ్‌కూ, 1992 తేదీని ముద్రించిన రిపోర్టుకూ తేడా లేదు. బైట్ల లోపలికి చూడగలిగినవాడికి రెండూ ఒకే పని.

ఒక్క హద్దు మాత్రం గట్టిగా గీస్తాను. సంతకాన్ని సరిచూడడం డేటాబేస్‌లో పెట్టండి, సంతకం చేయడం పెట్టకండి. ప్రైవేట్ కీని క్వెరీలో రాస్తే అది సర్వర్ లాగ్‌లోకి ఎక్కవచ్చు, ఆ క్షణంలో నడుస్తున్న క్వెరీలను చూసే అధికారం ఉన్నవాళ్లకు కనబడుతుంది, కనెక్షన్‌కు రక్షణ లేకపోతే దారి పొడవునా తేటగా ప్రయాణిస్తుంది. ఈ చివరి హెచ్చరిక పీజీక్రిప్టో డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. హ్యాష్, పబ్లిక్ కీ, సంతకం ఈ మూడూ లోకమంతా చూడదగినవే కాబట్టి సరిచూసే పనికి ఈ భయం లేదు.

మొదలుపెట్టడానికి సెక్‌పీ256కే1 అక్కర్లేదు. ఏదైనా బ్లాక్ ఎక్స్‌ప్లోరర్ నుంచి మొదటి బ్లాకు హెడర్ 80 బైట్లను తెచ్చి ఒక వరుసగా పెట్టుకోండి. మొదట 1, 0, 0, 0, అది వెర్షన్. ముందు బ్లాకు లేదు కాబట్టి తర్వాత 32 సున్నాలు. ఆపైన మెర్కిల్ రూట్, అంటే బ్లాకులోని ట్రాన్సాక్షన్లన్నిటికీ కలిపి ఒకే హ్యాష్, 32 బైట్లు. మీ చీటీ మీది నాలుగు. మైనింగ్ కష్టం చెప్పే 255, 255, 0, 29. చివరగా 29, 172, 43, 124. వెనక నుంచి చదివితే 2083236893, అంటే హెడర్‌లో నమోదైన నాన్స్, సరైన హ్యాష్ కోసం మైనింగ్‌లో మారుస్తూ పోయే సంఖ్య. రెండు 29లు పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి కష్టానిది, ఒకటి నాన్స్‌ది. ముక్క కోసేటప్పుడు ఒక్క బైటు జరిగినా కంటికి పట్టదు, జాగ్రత్త. ఈ 80 బైట్ల మీద ఎస్‌హెచ్‌ఏ-256ను రెండుసార్లు నడపండి. వచ్చిన 32 బైట్ల చివర అయిదు సున్నా బైట్లు కనబడాలి. కనబడితే, బైట్లను తిరగేసే ఫంక్షన్‌ను 18వ వెర్షన్ సాయం లేకుండా మీ చేత్తో రాసి, దాన్ని ఎక్స్‌టెన్షన్‌గా కట్టి, మళ్లీ నడపండి. ఆ అయిదు సున్నాలూ ముందుకు రావాలి.